పెదజగ్గన్నవలస బడిలో గెట్

ఇంగ్లీషులో గెట్ అనే క్రియకు నూట అరవై ఏడు అర్థాలు ఉన్నాయని మా పెదజగ్గన్నవలసలో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా పంటలు పండుతుండేవి, పెళ్ళిళ్ళు జరుగుతుండేవి, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏటా సగం మంది పిల్లలు ఇంగ్లీషు తప్పుతుండేవారు. ఆ నూట అరవై ఏడు సంగతి డైరెక్టరుగారికి తెలియడంతో మా కథ మొదలైంది.

డైరెక్టరంటే ఆంగ్ల సరళీకరణ మండలి డైరెక్టరు అనంతశయనంగారు. పిల్లలకు ఇంగ్లీషును సులువు చెయ్యడానికి పెట్టిన మండలి అది. ఆయన ఏదో సదస్సుకు వెళ్ళి, భోజనాల ముందు జరిగిన ఉపన్యాసంలో గెట్ గురించి విన్నారట. భోజనాలు ముగిసేసరికి పథకం తయారైంది. నెల తిరక్కుండా ఉత్తర్వు మా బడికి వచ్చింది.

ఆ వేళ స్టాఫ్ రూములో ముగ్గురం ఉన్నాం. తెలుగు పండితుణ్ణి నేను, ఇంగ్లీషు చెప్పే కలిశెట్టి దమయంతి మేడమ్, హెడ్మాస్టరు పొట్నూరు సన్యాసిరావుగారు. పైనుంచి ఏ కాగితం వచ్చినా సన్యాసిరావుగారు లేచి నిలబడి చదువుతారు. మంచి మనిషి. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో సొంతంగా ఒక్క నిర్ణయమూ తీసుకోలేదు. అందుకే సర్వీసు రిజిస్టరులో ఒక్క మచ్చా లేదు.

"గెట్ అను క్రియకు నూట అరవై ఏడు అర్థములు కలవు గనుక," అని ఆయన గొంతు సవరించుకుని చదివారు, "సదరు క్రియను నేర్చిన విద్యార్థి నూట అరవై ఏడు క్రియలు నేర్చినట్లు పరిగణింపబడును. కావున ఏకక్రియా ఆంగ్ల అభ్యసన పథకము క్రింద, పాఠశాల ఆవరణలో గెట్ మినహా ఇతర ఆంగ్ల క్రియలను బోధించుట, వ్రాయుట, ఉచ్చరించుట తక్షణమే నిలుపుదల చేయవలెను. ఈజ్, వాజ్ మొదలగు సహాయక క్రియలకు తుది నిర్ణయము వెలువడువరకు తాత్కాలిక మినహాయింపు కలదు."

దమయంతి మేడమ్ చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"అయితే సార్, గో అనాలంటే ఏమనాలి?"

ఉత్తర్వుకు నలభై పేజీల అనుబంధం ఉంది. సన్యాసిరావుగారు అది తిరగేసి, "గెట్ టు," అన్నారు.

"కమ్?"

"గెట్ హియర్."

"ఈట్?"

"గెట్ ఫుడ్."

"డై?"

"గెట్ డెడ్. ముప్పై ఎనిమిదో వాడుక."

"లవ్?"

ఆయన అనుబంధం రెండుసార్లు వెతికి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అది మన పిల్లల స్థాయికి అక్కర్లేదమ్మా," అన్నారు.

తర్వాతి వారమంతా పాఠ్యపుస్తకాలు దిద్దడంతో సరిపోయింది. పిల్లలు స్కెచ్ పెన్నులు తెచ్చుకుని కనిపించిన క్రియనల్లా కొట్టేసి పైన గెట్ అని రాశారు. ఎనిమిదో తరగతి పుస్తకంలో ఒక రైతు పాఠం ఉండేది. అతను పొలం దున్ని, విత్తనాలు చల్లి, పంట కోసి, బండికెత్తి ఇంటికి తెచ్చుకుంటాడు. దిద్దిన తర్వాత అతను పొలం గెట్ చేశాడు, విత్తనాలు గెట్ చేశాడు, పంట గెట్ చేశాడు, బండి గెట్ చేశాడు. చదివినవాళ్ళకు ఆ రైతు ఎవరి పొలమో కబ్జా చేసి, వాళ్ళ బండితో సహా ఉడాయించినట్టుండేది. చివర్లో "ఈ రైతు నుండి మనమేమి నేర్చుకున్నాము?" అనే ప్రశ్న మాత్రం అలాగే ఉంచారు.

మూడు నెలల పరీక్షలో మా బడికి ఇంగ్లీషులో నూటికి నూరు శాతం వచ్చింది. ఖాళీలు పూరించమన్న ప్రశ్నకు పిల్లలు ప్రశ్నాపత్రం చేతికి రాకముందే జవాబులు రాసేసి కూర్చున్నారు. వెనక బెంచీలో ఒకడు గెట్ స్పెల్లింగు తప్పు రాశాడు. మండలివారు దాన్ని సృజనాత్మక ప్రయత్నంగా భావించి వాడికి ఒక మార్కు ఎక్కువే వేశారు.

ఆ ఫలితాలు చూసి మండలివారికి ఉత్సాహం ఆగలేదు. గెట్‌కు తెలుగులో సమానార్థకం పొందు కాబట్టి, తెలుగు తరగతుల్లోనూ ప్రయోగాత్మకంగా పొందు ఒక్కటే వాడాలని నాకో ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. మర్నాడే ఒక పిల్లవాడు సెలవుచీటీ తెచ్చాడు. "నిన్న జ్వరం పొందినందున బడి పొందలేకపోయితిని. సెలవు పొందించగలరు." మధ్యాహ్నం సన్యాసిరావుగారు వరండాలో ఎదురై, అటూ ఇటూ చూసి, "మాస్టారూ, భోజనం పొందారా?" అన్నారు. పొందానన్నాను. ఇరవై రెండేళ్ళు పద్యాలు చెప్పిన నోరు నాది.

అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడినది పైడితల్లి.

పైడితల్లి తొమ్మిదో తరగతి. మా ప్రాంతంలో ఆడపిల్లలు బరువులెత్తడం మామూలే గాని, ఈ పిల్ల అందరిలాంటిది కాదు. జిల్లా పోటీల్లో ఎత్తింది, రాష్ట్ర పోటీల్లో ఎత్తింది. ఫిబ్రవరిలో పంజాబ్‌లో జరిగే శిక్షణ శిబిరానికి ఎంపిక పరీక్షకు పిలుపొచ్చింది. అక్కడి కోచ్‌లకు తెలుగు రాదు. వాళ్ళు ఏం చెప్పినా ఇంగ్లీషులోనే చెబుతారు. ఒకరోజు ఆ పిల్ల దమయంతి మేడమ్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడంగారూ, బరువు నెత్తి మీద ఉన్నప్పుడు ఆల్లు ఏటంటారో నాకు తెలాల కదండి. ఎత్తమన్నా గెట్టే, పట్టుకోమన్నా గెట్టే, ఒగ్గీమన్నా గెట్టే అయితే, నానేటి సెయ్యాలండి?"

మేడమ్ గుమ్మం వైపు ఒకసారి చూసి, "రేపు భోజనం బెల్లు కొట్టాక వంటపాక వెనక్కి రా," అంది.

అలా మా బడిలో దొంగచాటుగా క్రియలు చెప్పడం మొదలైంది. మొదట పైడితల్లి ఒక్కతే. తర్వాత ఆమెతో బరువులు సాధన చేసే నలుగురు అమ్మాయిలు. పదిరోజులకు ఇరవై మంది. లిఫ్ట్ అంటే ఎత్తాలి, హోల్డ్ అంటే పట్టి ఉంచాలి, డ్రాప్ అంటే వదిలెయ్యాలి. బడిలో బరువులెక్కడివి? బియ్యం బస్తాలు ఎత్తేవారు. మేడమ్ మాట అనగానే అయిదుగురూ ఒక్కసారి ఎత్తేవారు, ఒక్కసారి ఆగేవారు, ఒక్కసారి వదిలేవారు. మిగతా పిల్లలకు వంట చూపించి పీల్, కట్, స్టర్, పోర్ చెప్పేది. కాపలా కాసే బాధ్యత వంటచేసే ఎర్రమ్మది. కొన్నాళ్ళకు ఎర్రమ్మ కూడా, "మేడంగారూ, పప్పు స్టర్ సేసీసినాను, పోర్ సెయ్యమంటారా?" అనడం మొదలుపెట్టింది. నేను మజ్జిగ వంకతో రోజూ అటు వెళ్ళేవాణ్ణి. చాలా రోజుల తర్వాత పిల్లల ముఖాలు పాఠం వింటున్నట్టు కనిపించేవి.

నవంబరులో క్రియా తనిఖీ దళం వచ్చింది. ముందు జీపు, వెనక వ్యాను. ఎర్రమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చి, "మేడంగారూ, బండొచ్చీసింది! పలకలు దాసీయండి!" అని కేకేసింది. పలకలు తుడిచేశారు. కానీ పైడితల్లి గౌను జేబులో చీటీ మిగిలిపోయింది.

దళానికి పెద్ద గజపతిగారు. ఆయన ఆ చీటీని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు పెట్టి చూశారు.

"లిఫ్ట్. హోల్డ్. డ్రాప్. మూడు నిషిద్ధ క్రియలు. అందులో ఒకటి అక్రమం."

"అక్రమమంటే వేరే అర్థమండి," అన్నాను. "హోల్డ్, హెల్డ్ అవుతుంది కాబట్టి వ్యాకరణంలో దాన్ని..."

"అక్రమమని మీరే ఒప్పుకుంటున్నారు కదా," అని ఆయన రాసుకున్నారు. తర్వాత పిల్ల వైపు తిరిగి, "ఇవి నీకు ఎవరు సరఫరా చేశారు?" అన్నారు.

"నానే రాసుకున్నానండి. మేడంగారికేటీ తెల్దు," అంది పైడితల్లి.

మేడమ్ పేరు ఎవరూ అడగకుండానే వచ్చిందని ఆ పిల్లకు తట్టలేదు. దమయంతి మేడమ్ ముందుకు వచ్చి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "నేనే చెప్పాను. ఇంకా ఉన్నాయి, కావాలంటే రాసుకోండి," అంది. గజపతిగారు నిజంగానే రాసుకున్నారు. నాలుగు పేజీలు పట్టింది.

మేడమ్‌ను సస్పెండు చేశారు. వారం తర్వాత అభియోగపత్రం వచ్చింది. పథకం నిబంధనల ప్రకారం అది కూడా ఏకక్రియలోనే ఉండాలి. "యు హేవ్ గాట్ టు గెట్ అస్ వై యు గాట్ దెమ్ టు గెట్ వాట్ ఈజ్ నాట్ టు బి గాట్," అని ఉంది. పిల్లలకు నేర్పకూడనివి ఎందుకు నేర్పారో చెప్పమని కాబోలు. సన్యాసిరావుగారు నిలబడి మూడుసార్లు చదివి, కూర్చుని ఒకసారి చదివి, నా చేతికిచ్చారు. నేను దాన్ని అలాగే మడిచి మేడమ్ ఇంటికి తీసుకెళ్ళాను. ఆమె చదివి నవ్వలేదు. కాగితం తీసుకుని ఒకే వాక్యం రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. "ఐ గెట్ ఇట్."

ఆ జవాబు మీద అయిదుగురు సభ్యుల సంఘం కూర్చుంది. నాకు అర్థమైంది అని ఇద్దరన్నారు. నాకు ముట్టింది అని ఒకరన్నారు. చేసిన తప్పుకు శిక్ష నేనే అనుభవిస్తానంటోంది కాబట్టి ఇది నేరాంగీకారం అని నాలుగో ఆయన వాదించారు. అయిదో ఆయన అనుబంధంలో నూట ఒకటో వాడుక చూపించి, ఫోను మోగితే నేను చూస్తాను అని కూడా అంటారు గనుక, ఆమె ఎవరి ఫోనుకోసం ఎదురుచూస్తోందో దర్యాప్తు చెయ్యాలన్నారు. సంఘం ప్రతి గురువారం సమావేశమయ్యేది. మేడమ్ ఇంట్లో కూర్చునేది. అయిదుగురు అమ్మాయిలూ ఆదివారాలు ఆమె పెరట్లో బస్తాలు ఎత్తేవారు. మిగతా పిల్లల ఇంగ్లీషు మాత్రం గెట్ దగ్గరే ఆగిపోయింది.

జనవరిలో ఉత్తమ ఏకక్రియా పాఠశాల అవార్డు మాకే వచ్చింది. ఇవ్వడానికి డైరెక్టరుగారే స్వయంగా వస్తున్నారు. మండలివారు పంపిన నమూనా ప్రకారం ఊళ్ళో వెల్డింగు షాపులో జి, ఇ, టి అనే మూడు ఇనుప అక్షరాలు చేయించారు. ఒక్కోటి ఏడడుగులు. మూడింటినీ ఒక చట్రానికి బిగించి వేదిక వెనక నిలబెట్టారు. నేల గుల్లగా ఉంది, చట్రానికి దన్ను పెట్టాలి అని వెల్డరు చెప్పాడు. దన్ను నమూనాలో లేదని గజపతిగారు ఒప్పుకోలేదు.

అనంతశయనంగారు తెల్లటి సఫారీలో వచ్చారు. నవ్వుముఖం. మైకు ముందు నిలబడి, "మై డియర్ చిల్డ్రన్! ఐ గెట్ గ్రేట్ హ్యాపీనెస్!" అన్నారు. పిల్లలు చప్పట్లు గెట్ చేశారు.

ఆయన వెనక చట్రం మెల్లగా ఒరుగుతోంది. దాన్ని మొదట చూసింది ముందు వరసలో కూర్చున్న పైడితల్లి. లేచి నిలబడి గట్టిగా అరిచింది.

"సార్! గెట్ డౌన్!"

డైరెక్టరుగారు ఆప్యాయంగా నవ్వి కుర్చీలో కూర్చున్నారు.

"గెట్ అప్ సార్! గెట్ అప్!"

లేచి నిలబడ్డారు.

"సార్, గెట్ అవే!"

ఆయన ముఖం వెలిగిపోయింది. మైకులో, "గమనించారా? ఒక గ్రామీణ బాలిక ఒకే నిమిషంలో మూడు వాడుకలు! మూడూ సరైనవే!" అని తానే చప్పట్లు కొడుతుండగా చట్రం ఆయన మీద పడింది.

తల తప్పించుకుంది గాని, ఇ అక్షరం కింద ఎడమకాలు ఇరుక్కుంది. చట్రం మొత్తం నూట అరవై కిలోల పైన ఉంటుంది. గజపతిగారు వేదిక కింద నుంచి, "గెట్ హిమ్! గెట్ హిమ్!" అని కేకలు పెట్టారు. ఒక గుమాస్తా ఎవరో నేరస్థుడు పారిపోతున్నాడనుకుని గేటు మూశాడు. ఇంకొకాయన నీళ్ళకు పరిగెత్తాడు. మిగతావాళ్ళు అనుబంధం తెరిచారు. మా సన్యాసిరావుగారు మాత్రం వెళ్ళి ఒక్కరే ఆ ఇనుమును ఎత్తబోయి, అది కదలక అక్కడే చతికిలబడ్డారు.

అయిదుగురు అమ్మాయిలూ అప్పటికే వేదిక ఎక్కేశారు. పైడితల్లి మధ్యలో, చెరో వైపు ఇద్దరిద్దరు.

"లిఫ్ట్!" అంది పైడితల్లి.

చట్రం లేచింది.

"హోల్డ్!"

అయిదు జతల చేతులు వణకకుండా నిలిచాయి. సన్యాసిరావుగారు, నేను కలిసి డైరెక్టరుగారిని చంకల కింద పట్టి బయటికి లాగాం.

"డ్రాప్!"

గెట్ ధడాలున వేదిక మీద పడింది. ఆ ఆవరణలో నిషిద్ధ క్రియలు మూడు, అంత గట్టిగా, అంతమంది అధికారుల ఎదుట ఎవరూ ఎప్పుడూ పలకలేదు. గజపతిగారు అలవాటుకొద్దీ పెన్ను తీసి, చుట్టూ చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

డైరెక్టరుగారు చెమటలు కారుతూ బల్ల మీద పడుకుని ఉన్నారు. కాసేపటికి, "ఆ మాటలు... ఎవరమ్మా నేర్పారు?" అన్నారు. తెలుగులోనే అన్నారు.

"దమయంతి మేడంగారండి."

"ఆవిడ ఎక్కడున్నారు?"

సన్యాసిరావుగారు చేతులు కట్టుకుని, "తమరే సస్పెండు చేశారండి," అన్నారు.

ఆయన కళ్ళు మూసుకున్నారు.

నాలుగో రోజున ఆసుపత్రి నుంచే ఉత్తర్వు వచ్చింది. కృతజ్ఞతతో ఇచ్చినదే, అందులో సందేహం లేదు. కానీ పథకం పథకమే. "శ్రీమతి కె. దమయంతి టు గెట్ బ్యాక్," అని ఉంది, అంతే.

ఒక ప్రతి మేడమ్‌కు, ఒక ప్రతి బడికి వచ్చాయి. ఉదయం తొమ్మిదింటికల్లా మేడమ్ గేటు దగ్గర నిలబడి ఉంది. ఇస్త్రీ చీర, చేతిలో ఉత్తర్వు ప్రతి. సన్యాసిరావుగారు అనుబంధం పట్టుకుని గేటుకు ఇవతల నిలబడ్డారు. గొంతు ఆయనది ఆయనకే వినిపించనట్టు ఉంది.

"అమ్మా, గెట్ బ్యాక్ అంటే తొంభై ఒకటో వాడుకలో తిరిగి వచ్చుట. తొంభై రెండో వాడుకలో వెనుకకు తొలగుట. తమరిని రమ్మన్నారో, దగ్గరికి రావద్దన్నారో నాకు తెలియటం లేదు. వివరణ కోరుతూ రాస్తాను. ఏటీ అనుకోకండి."

"రాయండి సార్," అంది మేడమ్. సైకిల్ స్టాండు నీడలో కూర్చుంది. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఎనిమిది రోజులు ఆమె గేటు బయట, పిల్లలు గేటు లోపల. ఎర్రమ్మ మజ్జిగ గ్లాసు ఊచల మధ్యలోంచి అందించేది.

తొమ్మిదో రోజున వివరణ వచ్చింది. సన్యాసిరావుగారు దాన్ని గేటు దగ్గరే విప్పి, నిలబడే చదివారు. "గెట్ ఆన్," అని ఉంది. ఆయన అనుబంధం తిరగేశారు. వాహనము ఎక్కుట. వయసు మీరుట. ఇరుగుపొరుగుతో సఖ్యముగా ఉండుట. పనిని కొనసాగించుట. ఏ పనిని? రానివ్వని పనినా, రానిచ్చే పనినా?

ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లాల్చీ జేబులో వేసుకున్నారు. అనుబంధం నా చేతికిచ్చారు. గేటు గొళ్ళెం తానే తీశారు.

"లోపలికి రండమ్మా. తొమ్మిదో తరగతి పిల్లలు కూర్చునున్నారు. ఎవరైనా అడిగితే హెడ్మాస్టరే రమ్మన్నాడని చెప్పండి."

"ఏ వాడుక ప్రకారం సార్?" అంది మేడమ్.

"నా మాట ప్రకారం," అన్నారు సన్యాసిరావుగారు.

పథకం రద్దయినట్టు నేటికీ మాకు ఉత్తర్వు రాలేదు. తనిఖీ దళం మాత్రం మళ్ళీ రాలేదు. డైరెక్టరుగారు కాలికట్టు విప్పాక వేరే మండలికి మారి, అక్కడ విరామచిహ్నాలను తగ్గించే పనిలో ఉన్నారట. పైడితల్లి ఎంపిక పరీక్ష నెగ్గి ఫిబ్రవరిలో పంజాబ్ రైలెక్కింది.

మేడమ్ లోపలికి వచ్చిన ఆ ఉదయం నేను పక్క గదిలో పదో తరగతికి పద్యం చెబుతున్నాను. మధ్య గోడ పలచన, అవతలి మాటలన్నీ వినిపిస్తాయి. పిల్లలు లేచి నిలబడిన చప్పుడు, కూర్చున్న చప్పుడు. అంతలో ఒక సన్నటి గొంతు, ఇన్నాళ్ళూ తరగతిలో నోరు విప్పని రెండో వరస పిల్లది, ధైర్యం కూడగట్టుకుని అడిగింది.

"మేడమ్, వేర్ యు గోడ్ సో మెనీ డేస్?"

నేను పద్యం ఆపాను. గో అనే క్రియకు ఆ పిల్ల తనే ఈడీ తగిలించింది. మేడమ్ తప్పు దిద్దడంలో బహు కచ్చితం. దిద్దుతుందని ఎదురుచూశాను. వరండాలోకి వచ్చి కిటికీలోంచి తొంగి చూస్తే ఆమె బల్లకు ఆనుకుని, పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వుతోంది.

"మళ్ళీ అడగవే," అంది.